మన ఓపీకి వచ్చేవారిలో హెపటైటిస్-సి ఎందరికి? ఎవరు పరీక్ష చేయించుకోవాలి?



కామెర్లు అంటే తెలియనివారు మన గోదావరిఖనిలో ఎవరూ ఉండరు. కళ్ళు పచ్చబడి, మూత్రం పసుపుగా వస్తే డాక్టరు చెప్పకముందే పక్కింటివారు చెప్పేస్తారు. పసరు ఎక్కడ పోస్తారో, ఏ వారం పోస్తారో కూడా వారే చెబుతారు. ఈ పాఠంలో మనం తెలుసుకోబోయే జబ్బు అలా కళ్ళలో కనబడేది కాదు. ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు మనిషి లోపల ఉండి కూడా ఒక్కరోజు పనికి నాగా పెట్టించదు. డ్యూటీకి పోతూనే ఉంటాడు, మస్టర్లు పడుతూనే ఉంటాయి, కాలేయం మాత్రం కొంచెం కొంచెంగా గట్టిపడుతూ పోతుంది. ఆ జబ్బు పేరు హెపటైటిస్-సి.

జ్వరానికి, షుగరు మాత్రలకు, నడుము నొప్పికి ఓపీ చీటీ రాయించుకొని వచ్చేవారిలో ఈ వైరస్ ఎందరిలో ఉండవచ్చు, వారిలో ఎవరు పరీక్ష చేయించుకోవాలి, పాజిటివ్ అని వస్తే ఏమి చేయాలి అన్న మూడు సంగతులు ఇక్కడ చెప్పుకుందాం. మూడవదే అన్నిటికంటే ముఖ్యమైనది. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

కామెర్లన్నీ ఒకటి కావు

కాలేయానికి వచ్చే వాపును హెపటైటిస్ అంటారు. దానికి కారణమయ్యే వైరస్‌లు ముఖ్యంగా ఐదు ఉన్నాయి. ఎ, ఇ అనేవి మురికినీటి ద్వారా, శుభ్రంలేని ఆహారం ద్వారా వస్తాయి. 2005లో హైదరాబాద్‌లో పెద్దయెత్తున కామెర్లు వ్యాపించినప్పుడు కారణం ఇ వైరస్సే. ఈ రెండూ చాలామందిలో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి. పసరుకు, చేతికి పెట్టే వాతకు వచ్చిన పేరంతా ఇక్కడిదే. తగ్గేది ఎలాగూ తగ్గుతుంది, పేరు మాత్రం పసరుకు పోతుంది. (గర్భిణులకు ఇ వైరస్ వస్తే ప్రాణాపాయం, వారిని మాత్రం ఏ పసరు దగ్గరికీ తీసుకుపోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.)

బి, సి అనేవి రక్తం ద్వారా వచ్చేవి. బి వైరస్‌కు టీకా ఉంది. మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఆ టీకాను తక్కువ ధరకు తెచ్చింది. ఇప్పుడు పుట్టిన ప్రతి బిడ్డకూ ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. సి వైరస్‌కు మాత్రం ఇంతవరకు టీకా లేదు. "నాకు హెపటైటిస్ సూదులు మూడూ అయిపోయాయి సిస్టర్, నాకేమీ రాదు" అని కొందరు చెబుతుంటారు. ఆ మూడు సూదులు బి కోసం వేసినవి. అవి సి నుండి కాపాడవు.

డి వైరస్ బి ఉన్నవారికే వస్తుంది. దాని సంగతి ఇక్కడ అవసరం లేదు.

వెయ్యిమందిలో ఎందరు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతటా సుమారు 5 కోట్ల మందిలో హెపటైటిస్-సి దీర్ఘకాలిక వ్యాధిగా ఉంది. వారిలో సుమారు 55 లక్షల మంది మన దేశంలోనే ఉన్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సేకరించిన రక్త నమూనాలను తరువాత ఈ వైరస్‌ల కోసం పరీక్షించి, 2021లో ఫలితాలు వెలువరించారు. హెపటైటిస్-బి నూటికి 0.95 మందిలో, హెపటైటిస్-సి యాంటీబాడీ నూటికి 0.32 మందిలో కనబడింది. అంటే వెయ్యిమందిలో సి ముగ్గురికి, బి తొమ్మిది పదిమందికి.

ఈ ముగ్గురు అన్న సంఖ్య చిన్నదిగా కనబడుతుంది. దేశంలో పెద్దవారిలో నూటికి 11 మందికి పైగా షుగరు వ్యాధి ఉందని 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే చెప్పింది. దాని ముందు ఇది ఏపాటి అనుకోవచ్చు. ఇంకో విధంగా చూడండి. రోజుకు వందమంది కొత్తవారు వచ్చే ఓపీ ఉన్నదనుకోండి. దేశం సగటు అక్కడా వర్తిస్తే పదిరోజులలో ముగ్గురు ఈ వైరస్‌తో వచ్చి, బల్లమీద కూర్చొని, మందులు తీసుకొని వెళ్ళిపోయి ఉంటారు. వారికి తెలియదు, పక్కన కూర్చున్నవారికి తెలియదు, అడిగి పరీక్ష చేయిస్తే తప్ప మాకూ తెలియదు. కొత్తగా సోకినప్పుడు నూటికి 80 మందికి ఏ లక్షణమూ ఉండదు.

సగటు అనేది అందరికీ సమానంగా పంచినది కాదని కూడా గుర్తుంచుకోవాలి. రక్తదానం చేసేవారు ఆరోగ్యంగా ఉన్న యువకులు, ముందే ప్రశ్నలడిగి ఎంపిక చేసినవారు కనుక వారిలో తక్కువ కనబడుతుంది. డయాలసిస్ మీద ఉన్నవారిలో, తలసీమియాకు, సికిల్ సెల్ వ్యాధికి పదేపదే రక్తం ఎక్కించుకున్నవారిలో, సూదులతో మత్తుమందు తీసుకునేవారిలో ఎన్నోరెట్లు ఎక్కువగా ఉంటుంది. ఓపీకి వచ్చేవారు ఈ రెండింటికీ నడుమ ఉంటారు. వారిలో వృద్ధులుంటారు, ఆపరేషన్లు అయినవారుంటారు, ఏళ్ళ తరబడి సూదులు పొడిపించుకున్నవారుంటారు. రక్తదాతల లెక్క చూసి ఓపీలో ఈ జబ్బు లేదని అనుకోవడం పొరపాటు. డయాలసిస్ వారి లెక్క చూసి ఊరంతా ఉన్నదని భయపడటమూ అంతే.

రాష్ట్రానికి రాష్ట్రానికీ కూడా తేడా ఉంది. పంజాబ్‌లో ఈ జబ్బు ఎంత ఎక్కువగా ఉందంటే, 2016లోనే అక్కడి ప్రభుత్వం దీనికోసం ప్రత్యేకంగా సహాయనిధి పెట్టి ఉచిత వైద్యం మొదలుపెట్టవలసి వచ్చింది.

వయసు పెరిగేకొద్దీ ఎందుకు పెరుగుతుంది?

పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో తొమ్మిది గ్రామాలలో 2,973 మందిని పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. 26 మందిలో యాంటీబాడీ కనబడింది, అంటే నూటికి 0.87. నాకు అందులో ముఖ్యమనిపించింది ఆ మొత్తం సంఖ్య కాదు. పదేళ్ళలోపు పిల్లలలో నూటికి 0.31 ఉంటే, అరవై దాటినవారిలో 1.85 ఉంది. వయసుతో పాటు అది దాదాపు ఆరురెట్లు పెరిగింది. ఈ వైరస్ నీళ్ళలో రాదు, గాలిలో రాదు. మరి ఎక్కువకాలం బ్రతికినవారిలో ఎక్కువ ఎందుకు? ఎక్కువకాలం బ్రతికినవారు ఎక్కువ సూదులు చూశారు కనుక. అదీ పాతకాలపు సూదులు.

మన ప్రాంతంలో 1960లలో బావులు మొదలైన నాటినుండి వచ్చి స్థిరపడినవారు, వారి తరువాతి తరంవారు ఇప్పుడు అరవై, డెబ్బై దాటి ఉన్నారు. గాజు సిరంజీల కాలం వారికి గుర్తుంటుంది. ఒక స్టీలు డబ్బా, అందులో ఒక సిరంజి, రెండు సూదులు. వాటిని ఇరవై నిమిషాలు బాగా మరిగించాలి. అలా మరిగించిన చోట ప్రమాదం లేదు. కాని వరుసలో పదిమంది కూర్చుంటే గోరువెచ్చని నీళ్ళలో ఒకసారి ఆడించి తరువాతి మనిషికి పొడిచిన చోట్లు ఎన్నో ఉండేవి.

ఆ తరువాత ప్లాస్టిక్ సిరంజీలు వచ్చాయి. వాటితో సమస్య తీరిపోయిందని అనుకుంటాము. 2003-04లో దేశమంతటా జరిపిన ఒక పరిశీలనలో ఏటా సుమారు 300 కోట్ల సూదులు పొడుస్తున్నారని, వాటిలో మూడింట రెండు వంతుల దాకా సురక్షితంగా లేవని తేలింది. 2009లో గుజరాత్‌లోని మొడాసా పట్టణంలో వాడిన సిరంజీలనే తిరిగి వాడటం వలన హెపటైటిస్-బి వ్యాపించి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. 2018లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లాలో సైకిల్ మీద తిరుగుతూ వైద్యం చేసిన ఒక వ్యక్తి ఒకే సూదిని చాలామందికి వాడగా హెచ్.ఐ.వి. సోకిన సంగతి బయటపడింది.

విదేశాల సంగతి ఒకటి చెప్పాలి. ఈజిప్టు దేశంలో నైలునది నీళ్ళ ద్వారా వచ్చే ఒక పురుగు జబ్బును నివారించడానికి 1950ల నుండి 1980ల వరకు ప్రభుత్వమే ఊరూరా సూదులు వేయించింది. ఆ సూదులను, సిరంజీలను సరిగా శుద్ధిచేయకుండా మళ్ళీ మళ్ళీ వాడారు. మేలుకోరి చేసిన పనివలన ఆ దేశం ప్రపంచంలోనే హెపటైటిస్-సి అత్యధికంగా ఉన్న దేశాలలో ఒకటైంది. అదే దేశం 2018-19లో దాదాపు 5 కోట్ల మందికి పరీక్షలు చేసి, వ్యాధి ఉన్నవారికి ఉచితంగా మందులిచ్చింది. 2023లో ఈ వ్యాధి నిర్మూలన బాటలో ముందున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని గుర్తించింది.

ఇక మన దగ్గరికి వద్దాం. "సూది వేస్తేనే తగ్గుతుంది సిస్టర్, మాత్రలతో ఏం తగ్గుతుంది" అనే మాట ఇంజెక్షన్ గదిలో ఇప్పటికీ రోజూ వింటాను. జ్వరానికి, ఒళ్ళునొప్పులకు, "బలం"కోసం వేయించుకునే సూదులలో చాలావాటి అవసరమే ఉండదు. మాత్ర చేసే పనినే సూదీ చేస్తుంది, కొంచెం త్వరగా చేస్తుంది. నైటు షిఫ్టు దిగి వచ్చి ఒక గ్లూకోజు సీసా ఎక్కించుకొని పోదామనేవారు కూడా ఉన్నారు. నోటితో తాగగలిగిన మనిషికి ఆ సీసాలో ఉన్నది ఉప్పు, పంచదార, నీళ్ళు మాత్రమే. ఇంట్లో మజ్జిగ తాగి పడుకుంటే అంతకంటే మేలు జరుగుతుంది.

అవసరమై సూది వేయించుకోవలసి వస్తే, మీ కళ్ళముందు కొత్త కవరు చింపి సిరంజి, సూది రెండూ తీయమనండి. ఇక్కడ చాలామంది ఒక మాటకు మోసపోతారు. "సూది మార్చానమ్మా" అంటారు. సూది మారిస్తే చాలదు. సిరంజిలోకి కంటికి కనబడనంత రక్తం వెనక్కి వస్తుంది, ఆ రక్తంలో ఈ వైరస్ వారాల తరబడి బ్రతికి ఉండగలదు. సిరంజీ కొత్తదే కావాలి, సూదీ కొత్తదే కావాలి. అడగటానికి మొహమాటపడకండి. మమ్మల్ని అడిగినా మేము నొచ్చుకోము. అడిగితే కోప్పడేవారి దగ్గర అసలు సూది వేయించుకోవద్దు.

జాతరలలో ఒకే సూదితో, ఒకే రంగుతో వరుసగా వేసే పచ్చబొట్లు, ముక్కు చెవులు కుట్టే సూదులు, మంగలి షాపులో ఒకరికి గీసిన బ్లేడు మరొకరికి వాడటం, ఇవన్నీ కూడా ఇదే కోవలోకి వస్తాయి. గడ్డం గీయించుకునేటప్పుడు కొత్త బ్లేడు అడిగితే అయ్యే ఖర్చు ఏపాటిది?

రక్తం ఎక్కించుకున్నవారు

బావిలో బండ పడి, గాయాలై, రక్తం ఎక్కించుకొని బ్రతికి బయటపడినవారు మన కాలనీలలో ఎందరో ఉన్నారు. కాన్పులో రక్తం పోయి రెండు మూడు సీసాలు ఎక్కించుకున్న తల్లులు ఉన్నారు. గర్భసంచి తీసివేసిన ఆపరేషన్లు ఉన్నాయి. ఈ రక్తం ఎప్పుడు ఎక్కించారన్నది ముఖ్యం.

1970లలోనే అమెరికాలో హార్వే ఆల్టర్ అనే వైద్యుడు, రక్తం ఎక్కించుకున్నవారికి వస్తున్న కామెర్లలో చాలావాటికి ఎ గానీ బి గానీ కారణం కాదని గమనించారు. కారణమేమిటో తెలియక "ఎ కాదు, బి కాదు" అన్న పేరుతోనే ఆ జబ్బును పిలిచారు. 1989లో మైకేల్ హౌటన్, ఆయన తోటివారు ఆ వైరస్‌ను పట్టుకొని దానికి సి అని పేరు పెట్టారు. ఆల్టర్, హౌటన్, ఛార్లెస్ రైస్ ముగ్గురికీ 2020లో నోబెల్ బహుమతి వచ్చింది. 1989కి ముందు ప్రపంచంలో ఎక్కడా ఈ వైరస్‌కు రక్తపరీక్ష లేదు. మన దేశంలో రక్తనిధులలో ఈ పరీక్ష తప్పనిసరిగా అమలులోకి రావడానికి 2000 దాటింది. పైగా సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు మేరకు 1998లో నిలిచిపోయేవరకు డబ్బుకు రక్తం అమ్మేవారు కూడా ఉండేవారు. అటువంటివారిలో ఈ వైరస్‌లు ఎక్కువగా ఉండేవి.

కనుక 2002కు ముందు ఎప్పుడైనా రక్తం ఎక్కించుకున్న ప్రతివారూ, ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే, ఒక్కసారి హెపటైటిస్-సి పరీక్ష చేయించుకోవాలి. ఇప్పుడు రక్తనిధులలో ప్రతి సీసానూ పరీక్షిస్తారు కనుక ఈరోజు రక్తం ఎక్కించుకోవడానికి భయపడవలసిన పనిలేదు. రక్తం ఇవ్వడానికైతే అసలే భయం అక్కరలేదు.

వీరితో పాటు డయాలసిస్ చేయించుకుంటున్నవారు, తలసీమియా, సికిల్ సెల్ పిల్లలు (పాత ఆదిలాబాద్ జిల్లా గూడేల నుండి వచ్చే కుటుంబాలు ఇది గమనించాలి), హెచ్.ఐ.వి. ఉన్నవారు, ఎప్పుడైనా ఒక్కసారైనా మత్తుసూది తీసుకున్నవారు, ఈ వ్యాధి ఉన్న తల్లికి పుట్టిన పిల్లలు, కారణం తెలియకుండా కాలేయ పరీక్షల్లో ఎస్‌జీపీటీ ఎక్కువగా వస్తున్నవారు పరీక్ష చేయించుకోవాలి. ఆసుపత్రులలో పనిచేసే మాలాంటివారు, చెత్త తీసే ఆయాలు, వార్డుబాయిలు సూది గుచ్చుకున్నప్పుడు దాచిపెట్టకుండా చెప్పి పరీక్ష చేయించుకోవాలి. గుచ్చుకున్న ప్రతిసారీ రాదు, నూటికి రెండు మూడుకు మించదు. కాని చెప్పకపోతే ఆ రెండు మూడులో మనమున్నామో లేదో తెలియదు.

పాజిటివ్ అని కాగితం ఇచ్చారు. ఇప్పుడు?

నేను ఈ పాఠం రాయడానికి కారణం ఇక్కడే ఉంది. మన దగ్గర ఈ జబ్బు బయటపడేది ఎక్కువగా వేరే పనికోసం వచ్చినప్పుడే. కంటి శుక్లానికో, హెర్నియాకో, కాన్పుకో ముందు చేసే రక్తపరీక్షలో "హెచ్.సి.వి. పాజిటివ్" అని వస్తుంది. ఆపరేషన్ జరిగిపోతుంది. కాగితం ఇంటికి పోయి బీరువాలో చీరల కింద చేరుతుంది. మళ్ళీ ఎవరూ దాన్ని బయటకు తీయరు.

బావిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైన ఒక పెద్దాయన అలాగే కంటి ఆపరేషన్ చేయించుకొని వెళ్ళారు. ఇంట్లో కోడలికి ఎవరో చెప్పారట, ఆయన కంచం, గ్లాసు వేరుచేశారు. మనవడిని దగ్గరికి రానివ్వలేదు. ఆయన రెండేళ్ళు అలా వరండాలో వేరే గ్లాసుతో గడిపి, ఒకరోజు దగ్గుకు మందులకోసం వచ్చినప్పుడు మాటల్లో చెప్పారు. రెండవ పరీక్ష చేయించాము. ఆయన రక్తంలో వైరస్ లేదు. ఎప్పుడో సోకి, ఎప్పుడో ఆయన శరీరమే దాన్ని తరిమివేసింది. లేని జబ్బుకు రెండేళ్ళు వరండాలో ఉన్నారాయన.

ఇంకొక తల్లి కూడా ఇలాగే కాగితం దాచుకున్నారు. ఆమెకు మాత్రం వైరస్ ఉంది. ఆరేళ్ళ తరువాత పొట్ట ఉబ్బి, కాళ్ళు వాచి, రక్తం కక్కుకొని వచ్చారు. అప్పటికి మందులు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఆమె కాలేయమే మిగలలేదు.

ఈ ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే రకమైన కాగితం. దానిమీద ఉన్నది ఒకే మాట. ఆ మొదటి పరీక్ష చెప్పేది "ఈ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఈ శరీరంలోకి వచ్చింది" అని మాత్రమే. అది యాంటీబాడీ పరీక్ష. దొంగ ఇంట్లోకి వచ్చినట్టు అడుగుజాడ కనబడింది, దొంగ ఇంకా లోపల ఉన్నాడా, వెళ్ళిపోయాడా అన్నది ఆ జాడ చెప్పలేదు. సోకినవారిలో నూటికి 15 నుండి 45 మందిలో ఆరునెలలలోపు శరీరమే వైరస్‌ను పోగొట్టుకుంటుంది. మిగిలినవారిలో అది దీర్ఘకాలం నిలిచిపోతుంది. లోపల ఉందో లేదో తెలియాలంటే ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేయాలి, దీనినే వైరల్ లోడ్ అని కూడా అంటారు. ఇది బయట చేయిస్తే ఖరీదైన పరీక్ష. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. 2018 జూలై 28న ఈ కార్యక్రమాన్ని ప్రారంభించారు. (జూలై 28 ప్రపంచ హెపటైటిస్ దినం. హెపటైటిస్-బి వైరస్‌ను కనుగొన్న బరూక్ బ్లంబర్గ్ పుట్టినరోజు అది.)

ఆర్.ఎన్.ఎ. పరీక్షలో వైరస్ ఉన్నదని తేలితే, కాలేయం ఎంత దెబ్బతిన్నదో చూస్తారు. ప్లేట్‌లెట్లు, ఎస్‌జీఓటీ వంటి మామూలు రక్తపరీక్షలు, పొట్ట స్కానింగు చాలామందికి సరిపోతాయి. కాలేయం గట్టిపడటాన్ని సిరోసిస్ అంటారు. దీర్ఘకాలిక వ్యాధి ఉన్నవారిలో ఇరవై ఏళ్ళలో నూటికి 15 నుండి 30 మందికి సిరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. సారా, గుడుంబా, బ్రాందీ, ఏది తాగేవారికైనా ఇది ఇంకా ముందుగా వస్తుంది. కల్లు ఆరోగ్యానికి మంచిదని మన దగ్గర ఒక నమ్మకం ఉంది. ఈ వైరస్ ఉన్న కాలేయానికి కల్లూ సారా కిందే లెక్క.

84 రోజుల మందు

పదేళ్ళ క్రితం వరకు దీనికి ఇంటర్‌ఫెరాన్ అనే సూదులు ఆరునెలలు, ఏడాది పాటు వేసేవారు. ప్రతి సూదికీ జ్వరం, ఒళ్ళునొప్పులు, దిగులు, జుట్టు రాలిపోవడం. అంతా భరించినా చాలామందికి నయమయ్యేది కాదు. 2013 డిసెంబరులో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్ర వచ్చింది. అక్కడ 12 వారాల మందు ధర 84,000 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో మన రూపాయలలో 50 లక్షలకు పైమాటే. రోజుకొక మాత్ర వెయ్యి డాలర్లు! 2015లో మన హైదరాబాద్ కంపెనీలైన నాట్కో, హెటిరో వంటివి అదే మందును తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాక ధర ఎన్నోరెట్లు పడిపోయింది. అమెరికాలో ఇల్లు అమ్ముకుంటేగాని దొరకని మాత్ర మన రాజధానిలో తయారై, ఈరోజు ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగా దొరుకుతోంది. ఈ సంగతి తెలియక కాగితం బీరువాలో పెట్టుకునేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

సిరోసిస్ లేనివారికి సాధారణంగా సోఫోస్‌బువిర్, డాక్లాటాస్‌విర్ అనే రెండు మందులు కలిపి రోజుకు ఒకసారి 12 వారాలు ఇస్తారు. సిరోసిస్ ఉన్నవారికి డాక్లాటాస్‌విర్ బదులు వెల్పటాస్‌విర్ ఇస్తారు. వారిలో కొందరికి రిబావిరిన్ కూడా కలుపుతారు, లేదా ఎక్కువకాలం వాడవలసి ఉంటుంది. నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. షుగరులాగా, బి.పి.లాగా జీవితాంతం మింగే మందు కాదిది. 84 రోజులు, అంతే. నడుమ ఒక్కరోజు కూడా ఆపకూడదు.

మొదలుపెట్టేముందు మీరు వాడే ఇతర మందులన్నీ డాక్టరుకు చూపించాలి. మన బొగ్గు ప్రాంతంలో క్షయ మందులు వాడేవారున్నారు. అందులోని రిఫాంపిసిన్ ఈ మాత్రలను పనిచేయనివ్వదు, కనుక ముందు క్షయ చికిత్స పూర్తిచేసి తరువాత దీనిని మొదలుపెట్టడమే సాధారణ పద్ధతి. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా అంతే. గుండె కొట్టుకోవడంలో తేడాకు వాడే అమియోడరోన్‌తో సోఫోస్‌బువిర్ కలిస్తే ప్రాణాపాయం. పొద్దున్నే గ్యాసు మాత్ర వేసుకోవడం చాలామందికి అలవాటు, అది వెల్పటాస్‌విర్‌ను ఒంటికి పట్టనివ్వదు. హెపటైటిస్-బి కూడా ఉన్నదేమో తప్పక చూస్తారు, ఉంటే సి తగ్గేటప్పుడు బి తిరగబెట్టే ప్రమాదం ఉంది. గర్భిణులకు కాన్పు అయ్యేవరకు ఈ మందులు ఇవ్వరు.

మందు అయిపోయిన 12 వారాల తరువాత మరొకసారి ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేస్తారు. అప్పుడు వైరస్ కనబడకపోతే నయమైనట్టే. ఈ చివరి పరీక్షకు రానివారు చాలామంది. మాత్రలు అయిపోయాయి, ఒంట్లో బాగుంది, ఇంకెందుకు ఒక మస్టరు పోగొట్టుకోవడం అనుకుంటారు. దయచేసి రండి. ఆ కాగితం మీకు ఎంతో అవసరం. ఎందుకంటే నయమైన తరువాత కూడా యాంటీబాడీ పరీక్ష జీవితాంతం పాజిటివ్ అనే చూపిస్తుంది. రేపు మరో ఆపరేషన్‌కు వెళ్ళినప్పుడు, పిల్లల పెళ్ళి సంబంధాలప్పుడు, ఉద్యోగ వైద్య పరీక్షలప్పుడు ఎవరైనా పాత పాజిటివ్ చూసి కంగారుపెడితే, వైరస్ లేదని చూపించే కాగితం అదే.

మీరు అడిగే మాటలు

"కంచం, గ్లాసు వేరుచేయాలా?" అక్కరలేదు. ఒకే కంచంలో తిన్నా, కౌగిలించుకున్నా, దగ్గినా, ఒకే బావిలో ఒకే షిఫ్టులో పనిచేసినా రాదు. వేరుచేయవలసినవి రక్తం అంటే వస్తువులు, అంటే గడ్డం బ్లేడు, టూత్‌బ్రష్షు, గోళ్ళకత్తెర, షుగరు చూసుకునే మిషను సూది.

"నా భార్యకు వస్తుందా?" భార్యాభర్తల మధ్య సోకడం చాలా అరుదు. అయినా ఒకసారి ఆమెకూ పరీక్ష చేయిస్తే మనసు నిమ్మళంగా ఉంటుంది. తల్లినుండి బిడ్డకు నూటికి ఐదారుగురికి రావచ్చు. పాలు ఇవ్వవచ్చు, చనుమొన పగిలి రక్తం వస్తున్నప్పుడు మాత్రం ఆపాలి.

"పథ్యం ఏమిటి?" కామెర్లని చెప్పి ఉప్పు, నూనె, పసుపు మానిపించి, చప్పిడి కూడు పెట్టి మనిషిని ఎండబెట్టవద్దు. పప్పు, గుడ్డు, కూరలు, అన్నం అన్నీ తినవచ్చు. మానవలసింది మందు తాగడం ఒక్కటే. పొట్టలో నీరు చేరినవారికి మాత్రం ఉప్పు తగ్గించమని డాక్టరు చెబుతారు. పసరు మందులలో కొన్ని కాలేయాన్నే దెబ్బతీస్తాయి, వాటి జోలికి పోవద్దు.

"ఇది ఉంటే అన్‌ఫిట్ అవుతుందా?" అని ఇద్దరు ముగ్గురు నన్ను పక్కకు పిలిచి అడిగారు. ఒకరు భయంతో అడిగారు, ఇంకొకరు ఆశతో అడిగారు! ఇద్దరికీ నేను చెప్పింది ఒకటే: మూడునెలల్లో నయమయ్యే జబ్బు ఇది, మందు మింగుతూ డ్యూటీ చేసుకోవచ్చు.

"నయమయ్యాక మళ్ళీ రాదా?" వస్తుంది. ఒకసారి తగ్గినంత మాత్రాన రక్షణ ఏర్పడదు. మళ్ళీ కలుషితమైన సూది గుచ్చుకుంటే మళ్ళీ సోకుతుంది. సిరోసిస్ వచ్చాక నయమైనవారు ఆరునెలలకొకసారి స్కానింగు చేయించుకుంటూనే ఉండాలి, వారికి కాలేయ క్యాన్సర్ ప్రమాదం పూర్తిగా పోదు.

"రక్తదానం చేయవచ్చా?" యాంటీబాడీ పాజిటివ్ ఉన్నవారు నయమైనా చేయకూడదు.

యైటింక్లయిన్ కాలనీ, జ్యోతినగర్, మార్కండేయ కాలనీ, గోదావరి అవతలి శ్రీరాంపూర్, ఇందారం, మీరు ఎక్కడివారైనా సరే, ఇంట్లో ఉన్న పాత ఆపరేషన్ ఫైళ్ళు, కాన్పు కాగితాలు ఒకసారి తీసి చూడండి. హెచ్.సి.వి. అన్న మూడక్షరాల పక్కన "పాజిటివ్" లేదా "రియాక్టివ్" అని ఉంటే ఆ కాగితం తీసుకొని రండి, లేదా గోదావరిఖని ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోగాని చూపించి ఆర్.ఎన్.ఎ. పరీక్ష ఏ కేంద్రంలో చేస్తారో అడగండి. ఆధార్ కార్డు, ఇప్పుడు వాడుతున్న మందుల పట్టీలు వెంట తెచ్చుకోండి. పరగడుపున రావలసిన అవసరం లేదు, అన్నం తినే రావచ్చు.